మగ చిమ్మటల గది

1962 వేసవి. బెంగుళూరు దాటి ఆనేకల్ వైపు పోయే రోడ్డు పక్కన, పెంకులు కప్పిన ఒక పొడవాటి కట్టడంలో మా గ్రెయినేజ్ ఉండేది. గ్రెయినేజ్ అంటే పట్టుపురుగుల గుడ్లు తయారుచేసి రైతులకిచ్చే చోటు. యజమాని చిక్కపేటలో పట్టు వ్యాపారం చేసే శెట్టిగారు. ఆయన వారానికొకసారి వచ్చి చూసిపోయేవారు. మిగతా రోజులన్నీ పెత్తనం నాది.

ఉద్యోగం పేరు సూపర్‌వైజరు. చేసే పని మాత్రం అనుమానించడం. పట్టుపురుగులకు పెబ్రిన్ అనే జబ్బు ఒకటుంది. తల్లికి ఉంటే గుడ్లలోకి దిగుతుంది, అక్కణ్ణుంచి రైతు ఇంట్లోని పురుగులన్నిటికీ అంటుకుంటుంది. అందుకని గూడులోంచి రెక్కలతో వచ్చి గుడ్లు పెట్టిన ప్రతి తల్లి చిమ్మటనూ చిన్న రోట్లో నూరి, ఆ రసం చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలి. మెరిసే గింజల్లాంటివి కనిపిస్తే ఆ తల్లి పెట్టిన గుడ్లు నిప్పుల్లోకి పోతాయి. పదకొండేళ్ళు ఒక గొట్టానికి కన్ను ఆనించి తప్పు కోసం వెతికినవాడికి మనుషుల్ని చూసే చూపు కూడా అలాగే తయారవుతుంది. మా ఆవిడ ఆ మాట నా మొహం మీదే అనేది. పాలవాడు, పోస్టుమాను, ఇంటి ఓనరు, ఎవరూ నాకు పూర్తిగా మంచివాళ్ళుగా కనబడేవారు కాదు.

మేం తయారుచేసేవి సంకర గుడ్లు. తల్లి మైసూరు జాతి, తండ్రి జపాను జాతి. రెండు జాతుల పట్టుగూళ్ళూ వేర్వేరు ఊళ్ళ నుంచి వచ్చేవి. మైసూరు గూళ్ళలో ఆడవాటిని, జపాను గూళ్ళలో మగవాటిని మాత్రం ఏరి, ఆ పొడవాటి కట్టడంలో ఆ చివర ఒక గదిలో ఆడవి, ఈ చివర ఒక గదిలో మగవి ఉంచేవాళ్ళం. మగ గది బాధ్యత మునెమ్మది. ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. తాతల కాలంలో హోసూరు వైపు నుంచి వచ్చి బెంగుళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం. గూడును అరచేతిలో ఒకసారి ఎగరేసి పట్టుకుని, బరువును బట్టి లోపల ఉన్నది ఆడదో మగదో చెప్పేసేది. నేను కోసి చూస్తే పదింటికి తొమ్మిది ఆమె చెప్పినట్టే ఉండేవి. ఆ పదో దాని గురించే నేను ఆలోచించేవాణ్ణి.

చిమ్మటలు తెల్లవారే వేళకు గూళ్ళు చీల్చుకుని బయటికి వస్తాయి. పట్టు చిమ్మట ఎగరలేదు. ఆడది వచ్చిన చోటే కూర్చుని, తోక చివర పసుపుపచ్చని చిన్న బుడిపెను బయటికి చాచి వాసన విడుస్తుంది. మన ముక్కుకు అది అందదు. మగదాని నెత్తిన దువ్వెనల్లాంటి మీసాలు రెండుంటాయి. వాటితో ఆ వాసన పట్టుకుని, రెక్కలు టపటప కొట్టుకుంటూ ఆడదాని దగ్గరికి నడిచిపోతుంది. తట్టలో ఆడవాటిని పరిచి మగవాటిని గుప్పెడు చల్లితే, పావుగంటలో తట్టంతా జతలైపోయేది. మూడు నాలుగు గంటలు అలా ఉంచి విడదీసేవాళ్ళం. మగవాటిని ఒక పూట చల్లని చోట ఉంచి మర్నాడు మరోసారి వాడేవాళ్ళం. రెండుసార్లయ్యాక అవి పనికిరావు. వాటిని బుట్టలో వేసుకుని మునెమ్మ తన కోళ్ళకు తీసుకుపోయేది. అది ఆ గ్రెయినేజ్‌లో నాకంటే ముందు నుంచీ ఉన్న వాడుక.

ఏప్రిల్ చివర్లో జిగణి నుంచి చిన్నప్ప అనే రైతు వచ్చాడు. పాత ఖాతాదారు, నెమ్మదైన మనిషి. నా బల్ల మీద కాగితం విప్పి గుడ్లు చూపించాడు.

"చూడప్పా, మీరే చూడండి. సగానికి సగం పురుగు కాలేదు. అక్కడ తోటలో మల్బరీ ఆకు ముదిరిపోతా ఉండాది. దేనికి పెట్టేది నేను ఆ ఆకు?"

లెన్సు పెట్టి చూశాను. చాలా గుడ్లకు నడిమధ్య గుంట పడి ఉంది. జతకట్టని ఆడది పెట్టిన గుడ్డు అలా ఎండి లోపలికి నొక్కుకుపోతుంది. జబ్బు కాదు. తండ్రి లేని గుడ్లన్నమాట.

మర్నాడు పొద్దున ఆరింటికి ఆడ గదిలో నిలబడి చూశాను. మునెమ్మ తన గదినుంచి మగవాటిని తెచ్చి తట్టల్లో చల్లింది. అవి బతికే ఉన్నాయి, తెల్లగా నిగనిగలాడుతూ ఉన్నాయి. కానీ ఆడవాటి వైపు పోవడానికి బదులు కొన్ని తట్ట అంచు పట్టుకుని చుట్టూ తిరిగాయి, కొన్ని ఉన్నచోటే ఉండిపోయాయి. దారిలో ఏ ఆడదో తగిలితే జతకట్టాయి. అరగంటైనా సగం ఆడవి ఒంటరిగానే ఉన్నాయి. మునెమ్మ, మిగతా పనివాళ్ళు ఒక్కొక్క మగదాన్నీ చేత్తో పట్టుకుని ఆడదాని పక్కన పెడుతూ పోయారు. అన్నిటికీ అలా పెట్టేసరికి ఎండెక్కిపోయింది. విడదీసే వేళ మాత్రం పొద్దున పది గంటలని నేను పెట్టిందే. ఆలస్యంగా కలిసినవాటికి వ్యవధి చాలలేదు.

"ఎన్నాళ్ళ నుంచీ ఇలా ఉంది?" అని అడిగాను.

"నెల కావస్తా ఉండాది సారూ. చెప్తామనే అనుకుంటి. మీరు కోపం చేసుకుంటారని చేత్తోనే సరిచేస్తా వచ్చినాము" అంది మునెమ్మ.

నెల రోజులు నాకు చెప్పలేదు. ఆ ఒక్క ముక్క చాలు నాకు. వాడేసిన మగవాటిని పారేయకుండా మూడోసారీ నాలుగోసారీ తెచ్చి చల్లుతోందని, కొత్తగా వచ్చిన జపాను గూళ్ళను ఆ కోళ్ళ బుట్ట అడుగున పెట్టి బయటికి దాటిస్తోందని మనసులో కథ అల్లుకున్నాను. అలసిపోయిన మగది ఆడదాన్ని వెతకదు. అంతా అతికినట్టు సరిపోయింది. కథ మరీ అంత చక్కగా సరిపోతున్నప్పుడు ఆగి చూడాలని అప్పటికి నాకు తెలియదు.

ఒక ఉచ్చు పన్నాను. మధ్యాహ్నం ఆమె అన్నం తినడానికి పోయినప్పుడు, రెండుసార్లు వాడేసిన మగవాటి రెక్కల మీద ఎర్ర సిరాతో చుక్కలు పెట్టాను. పారేయాల్సినవి మళ్ళీ తట్టల్లో కనిపిస్తే దొంగ దొరికినట్టే. నాలుగు రోజులు పొద్దున్నే తట్టలన్నీ గాలించాను. ఒక్క ఎర్ర చుక్క కూడా కనబడలేదు. సంతోషించాల్సింది పోయి, సిరా సంగతి ఈవిడ పసిగట్టేసిందన్నమాట అనుకున్నాను. అనుమానం పట్టినవాడికి సాక్ష్యం లేకపోవడం కూడా సాక్ష్యమే.

ఆ వారం శెట్టిగారు వచ్చేసరికి మరో ఇద్దరు రైతులు అవే గుంట గుడ్లు తెచ్చి పడేసి పోయారు. మగ గదిలో చేతివాటం ఉందని చెప్పాను. ఆయన రెండో ప్రశ్న అడగలేదు.

"అయితే పంపించేసెయ్యి. ఇంక ఆలోచించేది ఏముండాది?" అన్నారు.

మునెమ్మను పిలిచాను. బుట్ట సంగతి, మూడోసారి వాడకం సంగతి చెప్పాను. ఆమె నా వైపూ శెట్టిగారి వైపూ మార్చి మార్చి చూసింది. గొంతు పెంచలేదు.

"సారూ, ముసలిదైపోయిన చిట్టె పక్కన పెట్టినా జత కట్టదు. ఇవి పక్కన పెడితే కడతా ఉండాయి. జానెడు దూరం పెడితే దావ తెలీడం లేదు వాటికి. బలం లేక కాదు. వాటికి ఇంకేమో అయిండాది. నేనేమీ చేయలేదప్పా."

చిమ్మటను ఆ వైపు చిట్టె అంటారు. ఆమె చెప్పిన మాటలో ఎంత శాస్త్రం ఉందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ పూట నాకది తెలివైన సాకులా వినబడింది. ఆమె బుట్ట అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోడ్డు మీద మాలాంటి గ్రెయినేజ్‌లు ఇంకో మూడు ఉండేవి. దొంగతనం మీద తీసేశారన్న కబురు ఆమె కంటే ముందే అక్కడికి చేరింది. ఎక్కడా పని దొరకలేదు.

మగ గది నేనే చూసుకోవడం మొదలుపెట్టాను. పారేయాల్సినవాటిని నా చేత్తో గుంటలో పూడ్చాను. గదికి తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుని తిరిగాను. వారమైనా మగవాటి నడక మారలేదు. అదే చుట్టూ తిరగడం, అదే అంచు పట్టుకుని పోవడం. అప్పుడు గూళ్ళు పంపే రైతుల మీద అనుమానం పడింది. తరవాత మిగిలిన పనివాళ్ళంతా మునెమ్మ కోసం నా మీద కట్టుకట్టారని అనుకున్నాను. ఈ ఆలోచనలన్నీ ఒకే రోజు వచ్చేవి, ఒక్కటీ పోయేది కాదు.

ఎనిమిదో రోజు పొద్దున మునెమ్మ గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"పని అడిగేదానికి రాలేదు సారూ. దొంగ అనిపించుకుని మా వీధిలో తలెత్తుకోలేకుండా ఉండాను. ఒక పని చేసి చూడండి. ఈ దినం వచ్చే మగ గూళ్ళు రెండు భాగాలు చేయండి. ఒక భాగం నా గదిలో, ఒక భాగం మీ మైక్రోస్కోపు గదిలో పెట్టండి. రెండిటికీ బీగం మీరే వేయండి. చిట్టెలు బయటికి వచ్చినాక నన్ను పిలవండి. నేను ముట్టను, చూస్తాను. అంతే."

ఒప్పుకున్నాను. ఆమె మంచితనం నమ్మి కాదు. ఇందులో ఆమె దొరికిపోతుందని. రెండు గదులకూ నేనే తాళాలు వేశాను. నాలుగో రోజు పొద్దున చిమ్మటలు వచ్చాయి. ఆమెకు కబురు చేశాను. బల్ల కడిగి ఆరబెట్టి, ఒక చివర ఆడదాన్ని పెట్టి, జానెడున్నర దూరంలో నా గదిలోని మగదాన్ని వదిలాను. అది మీసాలు ఒకసారి ఆడించి, రెక్కలు కొట్టుకుంటూ, గీత గీసినట్టు పోయి ఆడదాన్ని చేరింది. అలా పదింటిని వదిలాను. తొమ్మిది వెళ్ళాయి. అదే బల్ల మీద, మరో ఆడదాని ఎదుట, మగ గదిలోంచి తెచ్చిన పదింటిని వదిలాను. రెండు చేరాయి. మిగతావి బల్ల మీద గిరగిరా తిరిగాయి. ఒకటి ఆడదానికి రెండు వేళ్ళ దూరంలోంచే, తెలియకుండా ముందుకు నడిచిపోయింది.

అన్నీ ఒకే ఊరి గూళ్ళు, ఒకే రోజు వచ్చినవి. రెండు తాళాల చెవులూ నా జేబులోనే ఉన్నాయి. ఇక అనుమానించడానికి మనుషులెవరూ మిగల్లేదు, గది తప్ప.

మునెమ్మ మగ గది గడప దగ్గర నిలబడి అడిగింది. "నేను కూతురి కాన్పుకని పోయిండ్లేదా, ఉగాది ముందర? అప్పుడు ఈ గదిలో ఏమన్నా మార్చినారా సారూ?"

"ఏమీ లేదు" అన్నాను.

ఆ మాట నోట్లోంచి బయటికి వస్తూ ఉండగానే అది అబద్ధమని నాకు తెలుసు. మా తట్టల స్టాండ్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలుంటాయి, చీమలు పైకెక్కకుండా. ఆ వేసవిలో బావి అడుగంటి గిన్నెలు ఎండిపోయాయి. పెరటి వైపున్న మగ గదికి ఎర్రచీమలు బారులు కట్టాయి. మునెమ్మ లేని ఆ వారంలో, గిన్నెల్లో నీళ్ళకు బదులు బూడిద పోసి, అందులో బీహెచ్‌సీ పొడి కలిపింది నేనే. అది ఆ రోజుల్లో పొలాల్లో చల్లే పురుగుల మందు. పట్టుపురుగులున్న చోట అలాంటిది పెట్టకూడదని నాకు తెలియక కాదు. అందుకే చిటికెడే వేశాను. ముందు ఒక తట్టతో పరీక్ష కూడా చేశాను. ఒక్క చిమ్మటా చావలేదు. చీమలు మాత్రం పోయాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. మందు పేరు వింటే పనివాళ్ళు గలాటా చేస్తారని ఎవరికీ చెప్పలేదు, నీళ్ళు లేక ఉత్త బూడిదే పోశాననుకున్నారు. దాని ముక్కిపోయిన వాసన రెండు రోజుల్లో మా ముక్కులకు అలవాటైపోయింది.

చావకపోతే చెడలేదని లెక్క వేసుకున్నాను. అదీ నేను చేసిన తప్పు. చావడానికీ బాగుండడానికీ మధ్య ఇంకో స్థితి ఉంటుందని తోచలేదు. అది తింటుందా, నడుస్తుందా, బతుకుతుందా అని చూశాను గానీ, దాని మీసానికి వాసన తెలుస్తోందా అని చూడలేదు. మగ చిమ్మట బతికేదే ఆ వాసన కోసం. దానికి నోరు కూడా సరిగ్గా ఉండదు, ఏమీ తినదు.

మునెమ్మ వెళ్ళిపోయింది. నేను ఆ సాయంత్రమే ఒక అట్టపెట్టెలో మంచి మగవాటిని పెట్టి, మూలన కాగితం కింద అదే పొడి చిటికెడు ఉంచాను. మర్నాడు పొద్దున బల్ల మీద వదిలితే అవీ దారి తప్పాయి. ఇంక సందేహం లేదు. ఆదివారం ఎవరూ లేనప్పుడు నేనొక్కణ్ణే పోయి గిన్నెలన్నీ ఎత్తి, బూడిద దూరంగా గుంట తీసి పూడ్చి, గదీ స్టాండ్లూ సబ్బునీళ్ళతో కడిగి, గోడలకు సున్నం కొట్టాను. గిన్నెల్లో పక్క తోటవాళ్ళ బావినుంచి తెచ్చిన నీళ్ళు పోశాను. పది రోజుల్లో మగ గది మునుపటిలా అయింది. తట్టలో చల్లితే పావుగంటలో జతలు.

శెట్టిగారు వచ్చి చూసి నా భుజం తట్టారు. "చూస్తివా? ఆయమ్మ పోయింది, గ్రెయినేజ్ బాగుపడింది. నీ కన్నుకు ఏదీ తప్పించుకోలేదయ్యా" అన్నారు.

నేను నవ్వి ఊరుకున్నాను. అలా నవ్వి ఊరుకోవడం నాలుగు రోజులు నడిచింది. అయిదో రోజు మైక్రోస్కోపు కింద చుక్క చూస్తూ ఉంటే, ఏం చూస్తున్నానో నాకే తెలియలేదు. మూడుసార్లు అదే చుక్క చూశాను. మధ్యాహ్నం బస్సెక్కి చిక్కపేటకు పోయి, దుకాణంలో గుమాస్తాల ఎదుటే శెట్టిగారికి అంతా చెప్పాను. ఆయన చేతిలోని బట్ట మడిచి పక్కన పెట్టారు. ఉద్యోగం పోతుందనుకున్నాను. "పోయి ఆయమ్మను పిలుచుకురా. నువ్వే పో" అన్నారు.

మునెమ్మ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను నిలబడే మొత్తం చెప్పాను. గిన్నెలు, బూడిద, పొడి, ఆ రోజు ఏమీ లేదన్న అబద్ధం. ఆమె చేతులు ఆగలేదు.

"ఆ దినమే తెలిసింది సారూ. ఏమీ లేదని అంటానే మీ కండ్లు గిన్నెలకాడికి పోయినాయి."

"మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

"నేనంటే అది దొంగ చెప్పిన మాట అయితాది. మీరంటేనే నిజమయ్యేది."

పనికి రమ్మని, శెట్టిగారే పిలుచుకురమ్మన్నారని చెప్పాను. ఆమె గింజల చేట పక్కన పెట్టింది.

"వస్తాను. ఇంట్లో జరగాల కదా. ఒక మాట మాత్రం చెప్పండి. ఆ పొడి దొరక్కపోయింటే, నేను ఇప్పటికీ దొంగనే కదప్పా మీకు?"

ఆమె జవాబు కోసం ఆగకుండా లేచింది. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది.

ఆడ చిమ్మట విడిచే ఆ వాసనను విదేశాల్లో వేరుచేసి పేరు కూడా పెట్టారని చాలా ఏళ్ళ తరవాత చదివాను. చంపనంత కొంచెం మందు కూడా మగవాటి మీసాలను మొద్దుబారుస్తుందని ఈ పని నేర్చుకునే పిల్లలకు ఇప్పుడు నేనే చెబుతున్నాను. వాళ్ళు నోటు పుస్తకాల్లో రాసుకుంటారు. కొత్తది ఏది తెచ్చినా అది చంపుతుందా లేదా అని కాక, ఆ ప్రాణి రోజూ చేసుకునే పని చేసుకుంటోందా లేదా అని చూడమంటాను. ఏదైనా చెడినప్పుడు ముందు మీరేం మార్చారో కాగితం మీద రాయండి, తరవాతే ఇంకొకరి పేరు తలవండి అని కూడా చెబుతాను. అది మాత్రం ఎవరూ రాసుకోరు.

మునెమ్మ ఆ తరవాత ఆరేళ్ళు పని చేసింది. మగ గది తాళం ఆమె దగ్గరే ఉండేది. రోజూ సాయంత్రం ఇంటికి పోయే ముందు నా బల్ల దగ్గరికి వచ్చి, ఎవరూ అడగకుండానే, చీర కొంగు విప్పి నా ఎదుట దులిపి చూపించి వెళ్ళేది. వద్దమ్మా, అక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పానో. "మీకోసం కాదు సారూ" అనేది. ఆరేళ్ళలో ఒక్క రోజు కూడా మానలేదు.